వరుస చివరి కుట్టు

ఆగస్టు 4

అత్తా,

ముందు నవ్వకుండా చదువు. నవ్వాక తిట్టకుండా చదువు.

నాకు క్రోషా అల్లిక నేర్పాలి. ఫోన్లోనే అడిగేదాన్ని గానీ, పోయినసారి నేను "బావున్నావా" అంటే నువ్వు "పావురాలా? ఇక్కడ లేవండీ" అని పెట్టేశావు. ఏళ్ళ తరబడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ కలిపిన మనిషివి, ఇప్పుడు నీ చెవులకే లైను దొరకడం లేదు. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, పెళ్ళై అయిదు నెలలైనా మా ఆయన కూతురు నన్నింకా "మీరు" అంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న "పిచ్చుక" అంటాడు, నేనూ అలాగే పిలుస్తాను. పాలిస్తే "థాంక్సండీ" అంటుంది, గ్లాసు కడిగి బోర్లిస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళు. ఆ పిల్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. అదే నా ఫిర్యాదు.

మొన్న బజారులో ఒక షాపు అద్దం వెనక ఊలు దుప్పటి కనిపిస్తే ఆగి చూసింది. నాతో వచ్చినప్పుడు అది ఏదైనా ఆగి చూడటం అదే మొదలు. నా నోరు ఊరుకుంటుందా! "ఇదేముంది, ఇలాంటిది నేనే అల్లి పెడతాను" అన్నాను. "మీకు వచ్చాండీ?" అంది. "ఓ!" అన్నాను.

నాకు బొత్తాం కుట్టడం కూడా రాదని నీకు తెలుసు. చలికాలం లోపు ఒక మంచానికి సరిపడే దుప్పటి కావాలి. వీడియోలు చూశాను. అందులో ఆవిడ "చూశారా, ఎంత తేలికో" అనేలోపు ఆవిడ వేళ్ళు మూడుసార్లు మాయమవుతాయి. నా వల్ల కాదు. నువ్వే దిక్కు.

కారు నడపడం నేర్పే, సూది పట్టడం రాని
నీ మేనకోడలు

ఆగస్టు 12

కోడలు పిల్లా,

నవ్వాను. ఇప్పుడు తిడుతున్నాను. చిన్నప్పుడు నేర్పుతాను రమ్మంటే సైకిలేసుకుని వీధి చివరికి పారిపోయిన దానివి. రుమాలు అల్లడం రానిది దుప్పటికి ఒప్పుకుంటుందా? "ఓ!" అట.

సరే. ఆవపిండి రంగు ఊలు పంపుతున్నాను. పార్సిల్లో క్రోషా సూది కూడా ఉంది. మంచి రంగు, మురికి కనపడదు. ఒక ముడి వేసి, సూదితో గొలుసు అల్లుకుంటూ పో. నూటఇరవై కన్నులు అయ్యాక ఆపు. తర్వాత ఒక్కో కన్నులో సూది దూర్చి, ఊలు బయటికి లాగి, ఉన్న రెండు మెలికల్లోంచీ మళ్ళీ లాగు. అదొక కుట్టు. వరుస చివరికొచ్చాక ఒక గొలుసు వేసి వెనక్కి తిరుగు. దుప్పటి అయ్యేదాకా అదే పని. ఇంత చిన్న విషయానికి రెండు పేజీలు దండగ.

పై వాటాలో కొత్తగా దిగినాయన రేడియో పెద్దగా పెడుతున్నాడని అందరూ పోట్లాడుతున్నారు. నాకు మాత్రం హాయిగా ఉంది, అన్ని వార్తలూ తెలుస్తున్నాయి.

కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికిన
అత్త

ఆగస్టు 24

అత్తా,

చిన్న విషయమా! నా గొలుసు గట్టిగా బిగుసుకుని పాత ఫోను తీగలా మెలికలు తిరిగింది. సూది దూర్చడానికి సందు లేదు. దూర్చాక బయటికి రాదు. వచ్చాక ఊలు రెండుగా చీలిపోతుంది. విప్పడం, మళ్ళీ వెయ్యడం. బొటనవేలు వాచిపోయి, పొద్దున గేరు మార్చబోయి అరిచాను. పక్కన నేర్చుకుంటున్న పూలకొట్టామె తనేదో తప్పు చేసిందనుకుని నడిరోడ్డు మీద స్టీరింగు వదిలేసింది.

నీ ఉత్తరంలో "మళ్ళీ లాగు" అని ఉంది. ఎటు? ఎంత? నేను నా విద్యార్థులకి ఇలా నేర్పితే ఈపాటికి ఊళ్ళో గోడ ఒక్కటి మిగలదు.

ఒళ్ళు మండుతున్న
కోడలు

సెప్టెంబరు 1

ఒసేయ్,

సూదిని దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది? పెన్సిల్‌లా పట్టుకో. ఊలు ఎడమచేతి వేళ్ళ మీద జారనివ్వు. క్లచ్ మెల్లిగా వదలమని రోజూ జనానికి చెబుతావు కదా, అది నీకు నువ్వు చెప్పుకో.

బొటనవేలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

అత్త

సెప్టెంబరు 16

అత్తా,

క్లచ్ మాట పనిచేసింది! వరుస మీద వరుస పడుతోంది. మా ఆయన కళ్ళద్దాల షాపు నుంచి రాగానే బుట్టలోకి తొంగిచూసి "అరే, పెరిగిందే" అంటున్నాడు. పిచ్చుక ఏమీ అనదు గానీ, నేను అల్లుతుంటే పుస్తకం తెచ్చుకుని అదే గదిలో కూర్చుంటోంది. ముందు తన గదిలోనే చదువుకునేది.

కానీ ఒక చిక్కొచ్చింది. పొడుగు పెరుగుతోంది గానీ వెడల్పు తగ్గుతోంది. మొదలుపెట్టినప్పుడు మంచానికి సరిపోయింది. ఇప్పుడు పై వరుస దిండుకి సరిపోతే ఎక్కువ. పైగా నిన్న ఇంటికొచ్చేసరికి సూది ఊడి నేల మీద ఉంది, పై వరుస సగం విడిపోయి ఉంది. నేను మాత్రం వదిలినప్పుడు సూది దాని మెలికలోనే ఉంచి వెళ్ళాను, బాగా గుర్తు. అత్తా, కుట్లు వాటంతటవే ఊడిపోతాయా? వెంటనే రాయి.

కోడలు

సెప్టెంబరు 23

కోడలు పిల్లా,

కుట్లు వాటంతటవి ఎందుకూడతాయి, వాటికేమైనా కాళ్ళున్నాయా? ఎవరో లాగితేనే ఊడతాయి. ఇంట్లో ఎలుక గానీ పిల్లి గానీ పిల్ల గానీ ఉంటే ముందు దాని సంగతి చూసుకో. బుట్ట అందకుండా పైన పెట్టు. నేను అల్లే రోజుల్లో మీ నాన్న నా ఊలు ఉండతో బంతాట ఆడేవాడు. వీపు పగిలేదాకా బుద్ధి రాలేదు.

ఇవాళ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన మాట్లాడేది వినపడదు, నేను మాట్లాడటానికి నోరు ఖాళీ ఉండదు. మంచి జత.

అత్త

సెప్టెంబరు 30

అత్తా,

నువ్వు చెప్పినట్టే చూసుకున్నాను. ఎలుకల్లేవు. పిల్లి లేదు.

బడి నుంచి నాకంటే గంట ముందు ఇంటికొచ్చేది పిచ్చుకే. నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం అది బల్ల దగ్గర మ్యాపుకి రంగులు వేసుకుంటోంది. చెప్పులు కూడా విప్పకుండా అడిగేశాను.

"ఈ దుప్పటి లాగావా?"

"లేదండీ."

"కొంచెం కూడా?"

"ముట్టుకోలేదండీ."

"మరెలా తగ్గిపోతోంది? ఇంట్లో ఉండేది ముగ్గురం. నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు, చాటుగా పీకడమేమిటి?"

ఆ చివరి మాట నోట్లోంచి వస్తుండగానే వెనక్కి లాక్కోవాలనిపించింది. రంగు పెన్సిళ్ళు ఒక్కోటీ డబ్బాలో సర్దింది. మూత పెట్టింది. "ముట్టుకోలేదండీ" అని ఇంకోసారి అదే గొంతుతో చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. ఏడిస్తే దగ్గరికి తీసుకునేదాన్ని. ఆ వీలూ ఇవ్వలేదు.

శనివారం ఎప్పటిలా వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళింది. ఆవిడ ఊరికి అటు చివర ఉంటారు. ఆదివారం తీసుకురావడానికి వెళ్ళిన మా ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. ఇక అక్కడే ఉంటానందట, అక్కణ్ణుంచే బడికి వెళ్తుందట. ఆయన "అడిగేముందు నాతో ఒక్కమాట అనాల్సింది" అన్నాడంతే. ఆ ఒక్కమాటతో రెండు రోజులుగా ఇద్దరం గోడల్ని చూస్తూ తింటున్నాం.

దుప్పటి నీకే పంపుతున్నాను. నాకు కనపడకూడదు. ఏం చేసుకుంటావో చేసుకో.

కోడలు

అక్టోబరు 6

అత్తా,

నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకో విషయం విను. నిన్న మా ఆయన పేపరు కోసం వెతుక్కుంటూ, మిగిలిన ఊలూ సూదీ ఉన్న బుట్ట ఎత్తి పక్కన పెట్టాడు. సూది కింద పడింది. నేను చూస్తున్నానని చూసి, "అప్పుడప్పుడు పడుతుంటుంది, మళ్ళీ గుచ్చి పెట్టేస్తుంటాను. ఒకటి రెండుసార్లు మర్చిపోయుంటాను" అన్నాడు. ఎంత చల్లగా అన్నాడంటే, ఆ బుట్ట ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు నన్నడగలేదుగా" అంటాడు.

అవును, అడగలేదు. ఎందుకు అడగలేదు? నువ్వు రాశావు గనక. ఎలుక గానీ పిల్లి గానీ పిల్ల గానీ అని. నీకేం, నోటికొచ్చింది రాసి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయావు. నా ఇల్లు ఇక్కడ ఖాళీ అయింది.

ఇంకేమీ రాయను.

అక్టోబరు 10

కోడలు పిల్లా,

పార్సిలు వచ్చింది. మంచం మీద పరిచాను. పరిచి కూర్చుండిపోయాను.

ఇది దుప్పటి కాదే. పడవ తెరచాప. కింద మంచమంత, పైన జానెడు. రెండు అంచులూ కొలబద్ద పెట్టి గీసినట్టు లోపలికి వాలి ఉన్నాయి. ఏ పిల్లా చేతితో లాగి ఇంత నున్నగా వాల్చలేదు. లాగితే పై వరుస ఊడుతుంది, దాని కింది వరుస ఊడుతుంది. పొడుగు తగ్గుతుంది. వెడల్పెలా తగ్గుతుందే?

నువ్వు ప్రతి వరుసా చివరి కుట్టు మింగేశావు. వరుస చివర ఒక కుట్టు, తిరగడానికి వేసిన గొలుసు చాటున నక్కి ఉంటుంది. కొత్తవాళ్ళకి కనపడదు. వరుస అయిపోయిందనుకుని తిరిగేస్తారు. వరుసకొకటి చొప్పున పోతూ పోతూ ఇదిగో, తెరచాప. ప్రతి వరుసా లెక్కపెట్టుకోమని నేను చెప్పాలి. చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి రెండు పేజీలు దండగ అన్నాను.

ఇది అంటించేలోపు నీ ఆరో తేదీ ఉత్తరం వచ్చింది. నన్ను తిట్టావు. తిట్టు. వరసగా రాసుకుపోయిన మాట అది, ఆ ఇంట్లో ఒక పిల్ల నిజంగా ఉందని కలం పట్టుకున్నప్పుడు నాకు తట్టలేదు. కానీ అడిగింది నేను కాదు, నువ్వు. "ముట్టుకోలేదు" అని రెండుసార్లు చెబితే వినిపించుకోనిది నువ్వు. చెవులు పోయింది నాకా నీకా?

ఒక్క కుట్టు కూడా విప్పలేదు. అలాగే తిప్పి పంపుతున్నాను. తీసుకెళ్ళి ఆ పిల్లకి చూపించు. మీ ఆయన్ని మధ్యలో పెట్టకు. నువ్వే వెళ్ళు.

అత్త

అక్టోబరు 19

అత్తా,

వెళ్ళాను.

వాళ్ళ అమ్మమ్మగారు తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడ్డారు. "అది చదువుకుంటోంది" అన్నారు. "అయిదు నిమిషాలు చాలండీ" అన్నాను. నా చేతిలో సంచీ చూసి, "బట్టలు తెచ్చారా?" అని అడిగారు. పిల్ల మిగతా బట్టలు కూడా నేనే సర్దుకొచ్చాననుకున్నారు! "కాదండీ, దుప్పటి" అన్నాను. అప్పుడు జరిగారు.

ముందు గది నేల మీద పరిచాను. పిచ్చుక కుర్చీలోంచి దిగలేదు.

"ఇది నువ్వు లాగలేదు. నేనే తప్పు అల్లాను. కావాలంటే లెక్కపెట్టు" అన్నాను.

చాలాసేపటికి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని కింది వరుస లెక్కపెట్టింది. దాని పైది లెక్కపెట్టింది. వేలు పెట్టుకుని ఒక్కోటీ.

"ఒకటి తక్కువ" అంది.

"ప్రతి వరుసా ఒకటి తక్కువే."

"ప్రతి వరుసలోనూ తప్పు చేశారా?"

"ప్రతి వరుసలోనూ."

"అంటే ఇదంతా తప్పేనా?" అని చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి ఊపింది. గుమ్మం దగ్గర వాళ్ళ అమ్మమ్మగారు నవ్వాపుకోలేక దగ్గినట్టు చేశారు.

"ఇదంతా తప్పే" అన్నాను. "నువ్వు ముట్టుకోలేదని చెప్పావు. నేను నమ్మలేదు. నమ్మాల్సింది."

"రెండుసార్లు చెప్పాను" అంది.

"రెండుసార్లు చెప్పావు."

"నాకు హోంవర్కుందండీ" అని మళ్ళీ కుర్చీ ఎక్కింది. అంతే. దుప్పటి మడత పెట్టుకుని వచ్చేశాను. అమ్మమ్మగారు మెట్ల దాకా వచ్చారు.

ఇప్పుడేం చెయ్యమంటావు? ఈసారి రెండు పేజీలు రాయి.

కోడలు

అక్టోబరు 26

కోడలు పిల్లా,

రెండు పేజీలు అక్కర్లేదు. ఏమీ చెయ్యకు. పదేపదే వెళ్ళి ఆ పిల్ల ప్రాణం తియ్యకు. నువ్వు చెప్పావు, అది వింది. ఇప్పుడు అలిగే హక్కు దానిది, ఊరుకునే పని నీది.

నీకు ఊరుకోవడం రాదని తెలుసు. వెళ్ళి కారు కడుక్కో.

అత్త

నవంబరు 10

అత్తా,

కారు ఎన్నిసార్లు కడిగానో, మా డ్రైవింగ్ స్కూలు ఓనరు నాకు పిచ్చిపట్టిందనుకున్నాడు.

బుధవారం ఫోను మోగింది. పిచ్చుక. వాళ్ళ నాన్నకి ఇవ్వబోతే, "మీతోనే" అంది.

"అది విప్పేశారా?"

"లేదు."

"విప్పకండి. నేను విప్పుతాను. ఎలాగూ నేనే విప్పానన్నారు కదా."

శనివారం పొద్దున వాళ్ళ అమ్మమ్మగారే దింపి వెళ్ళారు. సంచీ గుమ్మం దగ్గరే పడేసి, బుట్ట ముందు కూర్చుని ఊలు కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది. అత్తా, నేను నెలన్నర చచ్చీ చెడీ అల్లింది, టపటపా టపటపా ఊడిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. అది లాగుతూ వెనక్కి నడిచి వంటగదిలోకి పోయింది, అక్కణ్ణుంచి వరండాలోకి. కుర్చీల కాళ్ళకీ తలుపు గడియకీ చుట్టుకుంది. మా ఆయన స్నానం చేసి వస్తూ చిక్కుకుని, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వాళ్ళ నాన్న అవస్థ చూసి అది పడీపడీ నవ్వింది. నేను కింద కూర్చుని ఉండ చుడుతున్నాను.

"పోనీలే, ఊలు పాడవలేదు. ఇదే ఊలుతో మళ్ళీ మొదలుపెడదాం" అన్నాను, మంచిగానే.

"నాకు ఈ రంగు నచ్చలేదు!" అంది.

"ఏంటీ?"

"మొదటినుంచీ నచ్చలేదు! మందు సీసాలా ఉంది!"

"మొదటే చెప్పొచ్చు కదా, ఇన్నాళ్ళూ అల్లాక చెబుతావా?"

"నువ్వు అడిగావా? ఒక్కసారైనా అడిగావా? ఊలొచ్చింది, అల్లేశావు!" అని అరిచింది. కాలు నేలకేసి కొట్టింది కూడా.

నాకు నిజంగానే కోపమొచ్చింది. నేనూ అరిచాను. మా ఆయన ఊలు చిక్కుల్లోంచే "అరవకండి" అన్నాడు. ఇద్దరం కలిసి ఆయన మీద అరిచాం. ఎవరింటికి వాళ్ళు పోవాల్సినంత గొడవైంది గానీ, ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆదివారం కూడా ఇక్కడే ఉంది.

గిన్నెలు కడుగుతుంటే తట్టింది, అది నన్ను "నువ్వు" అందని.

ఇంతకీ రంగు సంగతి నీకెలా రాయాలో తెలీక ఇలా రాశాను.

కోడలు

నవంబరు 18

కోడలు పిల్లా,

మందు సీసానా! నా ఊలు! దాచి దాచి పంపితే! ఆ రంగులో నేను అల్లిన స్వెట్టరు మీ నాన్న కాలేజీకి వేసుకెళ్ళేవాడు. (ఇంటి మలుపు తిరగ్గానే విప్పేసేవాడని ఈమధ్యే తెలిసింది. అది వేరే సంగతి.)

సరే. పెట్టె అడుగున ఉన్న ఊలంతా పంపుతున్నాను. నీలం ఉంది, ఎరుపుంది, ఏదో ఒక ఆకుపచ్చ ఉంది. ఈసారి ఆ పిల్ల ముందు పోసి, ఏది కావాలో దాన్నే తియ్యమను. వరుస మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ పిన్నీసు గుచ్చు. పిన్నీసు దాకా అల్లకుండా తిరిగావో, నేను బస్సెక్కి వస్తాను.

ఈ కింది నాలుగు ముక్కలూ పిచ్చుకకి చదివి వినిపించు: అమ్మాయీ, నిన్ను చూడకుండానే నీ మీద ఒక మాట రాశాను. పెద్దదాన్ని, చూసుకుని రాయాల్సింది. నా మీద కూడా అరవాలంటే ఫోన్లో అరిచెయ్. గట్టిగా అరిస్తేనే వినపడుతుంది.

అత్త

జనవరి 27

అత్తా,

ఆలస్యానికి కారణం నీ శిష్యురాలే. పిన్నీసుల బాధ్యత తీసుకున్న దగ్గర్నుంచి నా ప్రాణం తోడేస్తోంది. ప్రతి వరుసా లెక్కపెట్టాలి. తగ్గితే విప్పించేస్తుంది. "ఒక్కటే కదే, ఎవరికి తెలుస్తుంది" అంటే, "నాకు తెలుస్తుంది" అంటుంది. కారు నేర్పేటప్పుడు నేను ఎవర్నీ ఇంతలా ఏడిపించలేదు. పూలకొట్టామెకి లైసెన్సు కూడా వచ్చేసింది, నేనింకా నీలం చార మీదే ఉన్నాను అప్పటికి.

మొత్తానికి పోయిన వారం అయింది. చలి సగం వెళ్ళిపోయాక. ఒక మూల కొంచెం పైకి ముడుచుకుంది, ఎంత లాగినా సర్దుకోవడం లేదు. ఇక విప్పేది లేదని ముగ్గురం ప్రమాణం చేసుకున్నాం. అది రోజూ కప్పుకుంటోంది. హోంవర్కు చేసుకునేటప్పుడు కూడా.

నీకు ఫోన్ చేసి అరిచిందట కదా. ఏమరిచిందో ఇద్దరూ చెప్పడం లేదు.

మొన్న శనివారం ఎప్పటిలా అమ్మమ్మగారింటికి బయల్దేరింది. వాళ్ళ నాన్న కింద కారులో ఉన్నాడు. నేను మంచం సర్దడానికి వెళ్తే దుప్పటి అక్కడే ఉంది. ఇంత చలిలో ఇది లేకుండా ఎలా పడుకుంటుంది, ఎన్నిసార్లు చెప్పినా సంచీ తనే సర్దుకుంటానంటుంది, ఏదో ఒకటి మర్చిపోతుంది అని తిట్టుకుంటూ దుప్పటి పట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగి పరిగెత్తాను. కారు కదిలింది. "పిచ్చుకా! దుప్పటీ!" అని వీధి మధ్యలో అరిచాను. కారు ఆగింది. అద్దం దించి తల బయట పెట్టింది.

"మర్చిపోయావు" అన్నాను ఆయాసపడుతూ.

"మర్చిపోలేదు" అంది, ఎంత విసుగ్గా అందనుకున్నావు! "రేపు వచ్చేస్తాగా. అంత బరువు మొయ్యడమెందుకు?"

అద్దం పైకెత్తేసింది.

కారు మలుపు తిరిగేదాకా దుప్పటి చంకలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో అలాగే నిలబడ్డాను. వెనక ఎవరో దారి ఇవ్వమని హారను కొడుతుంటే తప్పుకున్నాను.

నీ మేనకోడలు